మినిట్స్ పుస్తకంలో నీళ్ళ పెద్దమ్మ

మా చర్చి కమిటీ మినిట్స్ పుస్తకం నూట పద్నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. "సదరు సభ్యురాలికి పునరుత్థానమందు విశ్వాసము లేదని తేలినందున ఆమె పేరు సభ్యుల పట్టిక నుండి తొలగించడమైనది, ఇకమీదట సంఘస్థుల మృతదేహములను ఆమె ముట్టరాదు." కింద ఏడు సంతకాలు ఉన్నాయి. దస్తూరి నాది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. అంత శ్రద్ధగా రాశాను మరి.

రేపెప్పుడో ఎవడో ఆ పుస్తకం తిరగేస్తాడు. వాడికి ఆమె ఎవరో తెలియదు, ఆ వాక్యం ఒక్కటే తెలుస్తుంది. అది తలచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. అందుకే ఇది రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామని ఆరు నెలలు ఆగాను. చల్లారలేదు. ఇక ఇలాగే రాస్తాను.

ఆమె మా అమ్మకి అక్క. నాకు సొంత పెద్దమ్మ, సంఘం మొత్తానికి నీళ్ళ పెద్దమ్మ. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసింది. పెదనాన్న తొందరగా పోయాడు. మిగిలింది ఒక్కడే కొడుకు. వాడు పందొమ్మిదో ఏట సైకిలు మీద పనికి వెళుతూ లారీ కింద పడ్డాడు. ఆసుపత్రి వాళ్ళు గుడ్డ చుట్టి ఇంటికి పంపారు. ఒంటినిండా మట్టి, ఎండిన నెత్తురు. సంఘం మొత్తం వాకిట్లో నిలబడి ఉంది, కానీ ఎవరు ముట్టుకుంటారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పెద్దమ్మ లేచి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, తలుపు వేసుకుంది. రెండు గంటల తర్వాత తలుపు తీసింది. వాడు తల దువ్వుకుని పడుకున్నట్టు ఉన్నాడు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. ఆ తలుపు తెరుచుకోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత సంఘంలో ఎవరు పోయినా, పిలిచినా పిలవకపోయినా, రెండు బకెట్లు పట్టుకుని వచ్చేది. ఒకటి సబ్బునీళ్ళకి, ఒకటి మంచినీళ్ళకి. చంటిపిల్లల నీళ్ళు చూసినట్టు మోచెయ్యి ముంచి వేడి చూసేది. "పోయినవాళ్ళకి గోరువెచ్చని నీళ్ళెందుకు పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "వాళ్ళకి తెలియదులే. చన్నీళ్ళు పోస్తే నా ప్రాణం ఒప్పుకోదు" అంది.

పని మొదలుపెట్టింది మొదలు పోయినవాళ్ళతో మాట్లాడుతూనే ఉండేది. "చెయ్యి ఇలా ఇవ్వమ్మా. ఆ, అంతే. ఇప్పుడు పక్కకి తిరుగుదాం." పాత దుప్పటి అంచు చింపి దవడ కట్టేది, చెవుల వెనక తుడిచేది, గోళ్ళు తీసేది. రైల్వే గార్డుగా చేసి రిటైరైన ఒకాయనకి స్నానం చేయిస్తూ, "బతికుండగా ఒక్కనాడు చెవులు కడుక్కున్న పాపాన పోలేదు కదయ్యా" అని చీవాట్లు పెడుతుంటే, బయట ఏడుస్తున్న ఆయన భార్య ఏడుపు మధ్యలో నవ్వేసింది. ఆ నవ్వు చూసి కొందరు పెద్దమనుషులు మొహం ముడుచుకున్నారు. వాళ్ళు దేనికైనా మొహం ముడుచుకుంటారు, దాన్ని భక్తి అనుకుంటారు.

ఇక ఆమె నమ్మకం సంగతి. మా చర్చిలో ప్రతి ఆదివారం అందరం లేచి నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతాం. చివర్లో, చనిపోయినవాళ్ళ శరీరాలు మళ్ళీ లేస్తాయని నమ్ముతున్నట్టు చెప్పే మాట ఒకటి వస్తుంది. సరిగ్గా అక్కడ పెద్దమ్మ నోరు మూసుకునేది. మళ్ళీ ఆమేన్ దగ్గర తెరిచేది. కొడుకు పోయిన తర్వాతి ఆదివారం నుంచీ అంతే. పక్కన నిలబడేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. పెళ్ళయ్యాక, కాస్త ధైర్యం వచ్చాక, ఒకసారి అడిగాను.

"ఇన్ని శరీరాలు కడిగాను కదరా" అంది. "ఏ ఒక్కటీ నా చేతికింద కదల్లేదు. నమ్మనని కాదు. ఆ మాట నా నోట్లోంచి రావట్లేదు. రానిదాన్ని ఎలా తెప్పించను?"

"మరి ఆమేన్ మాత్రం ఎందుకంటావు?"

"మీరంతా అంటున్నారు కదా. నిజమైతే ఎంత బాగుండును అనిపిస్తుంది."

ఇరవై రెండేళ్ళు ఈ సంగతి మా ఇద్దరి మధ్యే ఉంది. బయటపెట్టింది నేనే. దాని దగ్గరికి వస్తాను.

మా సంఘంలో ఒక టైలరమ్మ ఉంది. భర్త లేడు. ఒక్కతే కూతురు, ఏడేళ్ళది. ఎప్పుడూ అమ్మ దగ్గరుండే గుండీల డబ్బాతో ఆడుకుంటుంది కాబట్టి దాన్ని అందరం గుండీ అనేవాళ్ళం. నాలుగు రోజుల జ్వరంతో ఆ పిల్ల ఆసుపత్రిలో పోయింది. పోయింది సరిగ్గా మంచి శుక్రవారం నాడు, పొద్దున పదింటికి.

మేమంతా అప్పుడు చర్చిలో మూడు గంటలసేపు జరిగే ఆరాధనకి కూర్చుంటున్నాం. ఆ ఏడాది ప్రసంగాల కోసం బయటి నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిపించారు. మైకు ఉన్నా లేకపోయినా ఒకే గొంతుతో మాట్లాడే మనిషి. కబురు ఆయన చెవిన పడింది. వేదిక మీద నుంచే అందుకున్నాడు. "ఇది మామూలు శుక్రవారం కాదు! ప్రభువు ఏ రోజు ప్రాణం విడిచాడో ఆ రోజు ఈ బిడ్డ విడిచింది. మూడో రోజు ఏం జరిగిందో మీకు తెలియదా? పాతిపెట్టకండి. ఆదివారం దాకా ఆగండి. ఈ సంఘంలో విశ్వాసం ఉందో లేదో దేవుడు చూస్తున్నాడు!"

ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవాళ్ళు. ఈ తప్పు మేమే చేయగలం, మాలాంటి వాళ్ళే చేయగలరు. చిన్నప్పటి నుంచి ప్రభువు మూడో రోజు లేచాడు, మూడో రోజు లేచాడు అని పాడుకున్నవాళ్ళం. అది శుక్రవారం కావడం, ఎల్లుండి ఈస్టర్ కావడం చూసేసరికి మాకు మతిపోయింది. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. కాదంటే విశ్వాసం లేనట్టే కదా! నిజం చెబుతున్నాను, ఆ పిల్ల లేస్తుందని నేను నమ్మలేదు. నమ్మలేదని నలుగురికీ తెలిసిపోతుందేమోనని భయపడ్డాను. పాటల పుస్తకం పట్టుకుని అందరితోపాటు ఆ ఇంటికి వెళ్ళాను.

అది ఇల్లు కాదు, ఒక గది. కుట్టుమిషను గోడకి జరిపి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద పిల్లని పడుకోబెట్టారు. సుద్దముక్కలు, గజం బద్ద ఇంకా ఆ బల్ల చివరే ఉన్నాయి. మేకుకి ఈస్టర్ కోసం కుడుతున్న నిమ్మపండు రంగు గౌను వేలాడుతోంది. కింది అంచు మడత కుట్టలేదు, పిన్నులు పెట్టి ఉంది. చుట్టూ మేం పాతికమందిమి వంతులవారీగా పాడుతున్నాం. ప్రసంగీకుడు ఒక నియమం పెట్టాడు. ఎవరూ ఏడవకూడదు, కన్నీళ్ళు అవిశ్వాసానికి గుర్తు. కన్నతల్లి కూడా ఏడవకూడదు. ఆమె బల్ల పక్కన నిలబడి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. ఒకసారి ఏడుపు తన్నుకొస్తే ఆయన వేలెత్తి, "అమ్మా!" అన్నాడు. ఆమె మింగేసింది. ఆ వేలు విరిచేయాల్సింది. మేం ఇంకో పాట ఎత్తుకున్నాం.

శుక్రవారం సాయంత్రం పెద్దమ్మ వస్తే గుమ్మంలోనే ఆపేశారు. "ఇప్పుడు నీ అవసరం లేదులే" అన్నారు. ఆమె లోపలికి తొంగి చూసి, నా మొహం కూడా చూసి, వెళ్ళిపోయింది. శనివారం మధ్యాహ్నానికి ఎండ దంచేస్తోంది. ఐసు దిమ్మలు పెట్టారు, సెంటు చల్లారు, కిటికీలు మూశారు. ఏమైందో నేను చెప్పనక్కర్లేదు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని విజయగీతాలు పాడాం. అలాంటివాళ్ళం మేము.

అప్పుడు వచ్చింది పెద్దమ్మ. రెండు చేతుల్లో రెండు బకెట్లు, భుజం మీద తువ్వాలు. ప్రసంగీకుడు అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, మీరు విశ్వాసంతో వచ్చారా, సందేహంతో వచ్చారా?"

"నీళ్ళతో వచ్చాను బాబూ. పక్కకి జరుగు."

ఆయన జరిగాడు. ఎందుకు జరిగాడో ఆయనకే తెలియదు. మూలన ముక్కాలిపీట మీద మా పాస్టరుగారు తల వంచుకుని కూర్చున్నారు. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషి అయితే ఇంత కోపం వచ్చేది కాదు. పెద్దమ్మ బకెట్లు దించి ఆయన వైపు తిరిగింది.

"అయ్యగారూ, మీరు చెప్పండి. ఈ పిల్ల రేపు లేస్తుందా?"

పాస్టరుగారు నీళ్ళు నమిలారు. "దేవుడికి అసాధ్యమైనది ఏముందమ్మా..."

"నేనడిగింది దేవుడి సంగతి కాదు. ఈ పిల్ల సంగతి."

పెద్దమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది. టైలరమ్మ అడ్డం వచ్చి రెండు చేతులూ చాపింది. "ముట్టుకోకు పెద్దమ్మా. నువ్వు స్నానం చేయించావంటే పోయినట్టే. రేపు లేస్తుందన్నారు. ముట్టుకోకు."

"లేస్తే ఈ ఒంటితో లేవాలా తల్లీ? చూడు ఎలా ఉందో. లేస్తే శుభ్రంగా లేస్తుంది, లేకపోతే శుభ్రంగా వెళుతుంది. నీళ్ళు చల్లారిపోతున్నాయి."

టైలరమ్మ ఆమె భుజాలు పట్టుకుంది. గది మొత్తం వినేలా అడిగింది. "లేస్తుందా? నువ్వు చెప్పు. నువ్వైతే అబద్ధం చెప్పవు."

అప్పటికి పాట దానంతటదే ఆగిపోయింది.

"రేపు లేవదమ్మా. ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు. నా కొడుకు పోయి ఇరవై రెండేళ్ళయింది. తెలిస్తే నీకు చెప్పనా?"

అప్పుడు ఏడ్చింది ఆ తల్లి. రోజున్నర దిగమింగిన ఏడుపు ఒక్కసారి బయటికొచ్చింది. అంత పెద్ద ఏడుపు నేనెప్పుడూ వినలేదు. ప్రసంగీకుడు ఏదో అనబోతే పెద్దమ్మ, "మగాళ్ళందరూ బయటికి నడవండి" అంది. అందరం బయటపడ్డాం, ఆయనతో సహా.

గుమ్మం బయట నిలబడి విన్నాను. నీళ్ళ చప్పుడు, పెద్దమ్మ గొంతు. "చెయ్యి ఇవ్వు గుండీ. అబ్బో, ఎంత బుద్ధిమంతురాలివే. కళ్ళలో సబ్బు పడదులే." కాసేపటికి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. టైలరమ్మ గౌను అంచు కుడుతోంది. చప్పుడు మధ్యమధ్యలో ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. ఆ సాయంత్రం అయిదింటికి, ఆ గౌనుతోనే, పిల్లని పాతిపెట్టాం. ప్రసంగీకుడు అప్పటికే పెట్టె సర్దుకున్నాడు. వెళుతూ వెళుతూ నలుగురూ వినేలా ఒక మాట వదిలిపోయాడు. "ఒక్క స్త్రీ అవిశ్వాసం వల్ల ఈ సంఘం అద్భుతాన్ని పోగొట్టుకుంది."

మర్నాడు ఈస్టర్. ప్రతి ఏడాదిలాగే తెల్లవారుజామున శ్మశానంలో ఆరాధన. ప్రభువు లేచాడని గొంతెత్తి పాడుతున్నాం. పాడుతున్న వాళ్ళందరి కళ్ళూ ఆ చివర ఉన్న చిన్న మట్టికుప్ప మీదే ఉన్నాయి. మట్టి కదిలిందా, పగిలిందా అని చూస్తున్నారు. నేనూ చూశాను. ఎండ వచ్చింది, ఏమీ కాలేదు. జనం అక్కడి నుంచి తల తిప్పి పెద్దమ్మ వైపు చూశారు. ఆ చూపుల్లో ఏముందో నాకు అర్థమైంది. రాత్రంతా ఆగి ఉంటే లేచేదేమో. పిల్లని లేవనివ్వలేదు. ఈస్టర్ పొద్దున, పాట ఇంకా పూర్తి కాకుండానే, ఆ మాట నోటినుంచి నోటికి పాకిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు రిటైరైన హెడ్మాస్టరు. జీవితమంతా పిల్లల్ని బల్లల మీద నిలబెట్టిన మనిషి, ఆ అలవాటు ఇంకా పోలేదు. నలుగురు సభ్యులు, పాస్టరుగారు, పుస్తకం ముందేసుకుని సెక్రటరీని నేను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమస్తాని, రాయడం తప్ప ఇంకేదీ చేతకాదు. పెద్దమ్మని కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సూటిగా అడుగుతున్నాను" అన్నాడు హెడ్మాస్టరు. "పునరుత్థానం నమ్ముతావా, నమ్మవా?"

"నమ్మాలని ఉంది."

"అది జవాబు కాదు."

"నా దగ్గర ఉన్నది అదేనయ్యా. అది నిజం కావాలని నాకన్నా ఎక్కువ ఎవరికి ఉంటుంది?"

పాస్టరుగారు బతిమాలారు. "ఒక్క మాట, నమ్ముతున్నానని అనండమ్మా. ఇక్కడితో అయిపోతుంది."

"అంటే అయిపోతుంది, నిజమే" అంది పెద్దమ్మ. "మొన్న ఆ గదిలో పాతికమంది అన్నారు. ఏమయింది? కన్నతల్లిని ఏడవనివ్వలేదు."

హెడ్మాస్టరు నా వైపు తిరిగాడు. "ఈమె విశ్వాస ప్రమాణంలో ఆ మాట పలకదని కొందరంటున్నారు. నువ్వు పక్కనే నిలబడతావు. నిజమేనా?"

తెలియదు అని ఉండొచ్చు. మా పెద్దమ్మని నన్నడక్కండి అని లేచిపోయి ఉండొచ్చు. నేను కలం మూత పెట్టి, "నిజమేనండి. ఇరవై రెండేళ్ళుగా" అన్నాను. ఏళ్ళతో సహా చెప్పాను. గుమస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! పెద్దమ్మ నా వైపు చూసింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఇంకేమైనా చెప్పుకుంటావా?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఒక్కటడుగుతాను. ఆ ఆదివారం పొద్దున ప్రభువు సమాధి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళు చేతుల్లో ఏం పట్టుకెళ్ళారు?"

"సుగంధ ద్రవ్యాలు. చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"దేనికి?"

ఆమే చెప్పింది. "శవానికి పూయడానికి. లేస్తాడని నమ్మినవాళ్ళు అవి పట్టుకెళ్తారా? వాళ్ళెవరూ నమ్మి వెళ్ళలేదయ్యా. చెయ్యాల్సిన పని మిగిలిపోయిందని వెళ్ళారు. లేచాడన్న కబురు వాళ్ళకే ముందు తెలిసింది. తలుపులేసుకుని కూర్చున్న మగాళ్ళకి వచ్చి చెబితే, పిచ్చిమాటలని కొట్టిపారేశారు. వాళ్ళ పేర్లు ఎవరైనా పట్టికలోంచి తీసేశారా?"

"మాకే పాఠం చెబుతున్నావా?" అని హెడ్మాస్టరు బల్ల మీద చరిచాడు. ఆమె పేరు తీసేయాలన్నవాళ్ళు చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి. నాదీ కలిపి ఏడూ లేచాయి, పాస్టరుగారిది ఆలస్యంగా లేచింది. నేను ఆ వాక్యం రాశాను. సంతకాలయ్యాక పెద్దమ్మ లేచి నిలబడింది.

"చదువు నాయనా, ఏం రాశావో."

చదివాను. తేలినందున, తొలగించడమైనది, ముట్టరాదు. ఆమె చివరిదాకా విని, "దస్తూరి బాగుంది" అని వెళ్ళిపోయింది.

చర్చికి రావడం మాత్రం మానలేదు. వెనక బెంచీలో కూర్చునేది, ఆ మాట దగ్గర నోరు మూసుకునేది, ఆమేన్ అనేది. ఆ ఏడాది సంఘంలో ముగ్గురు పోయారు. ముగ్గురినీ ఆసుపత్రి వాళ్ళు చుట్టి ఇచ్చింది చుట్టినట్టే పెట్టెలో పెట్టారు. హెడ్మాస్టరు సొంత అన్నగారైతే దవడ కట్టేవాళ్ళు లేక, నోరు తెరుచుకునే సమాధిలోకి వెళ్ళాడు. నాకు లోలోపల సంతోషమేసింది, దాచుకోను. పెద్దమ్మకి చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కబురు చేసి ఉంటే దొడ్డిదారిన వచ్చి చేసి వెళ్ళేదాన్ని కదరా" అంది. ఆ మంచితనం చూసి నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

టైలరమ్మ సంగతి వేరు. అందరూ కలిసి ఆమె చెవిలో ఆ విషం పోశారు. ఒకరోజు మధ్యాహ్నం నేను పెద్దమ్మ ఇంట్లో ఉండగా ఆమె గాలివానలా వచ్చిపడింది. "ఒక్క పూట ఆగితే నీ సొమ్మేం పోయేది? ఒక్క పూట! లేచేదేమో, నీకేం తెలుసు?" అని అరిచింది. నేను అడ్డుపడబోతే పెద్దమ్మ నన్ను పక్కకి నెట్టింది.

"తిట్టమ్మా. దేవుణ్ణి తిట్టడానికి నీకు నోరు రాదు. నన్ను తిట్టు. నేనైతే దగ్గర్లోనే ఉంటాను."

టైలరమ్మ మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. తిట్టడానికే వచ్చేది. నెల రోజులకి తిట్లు తగ్గాయి, రాక తగ్గలేదు. ఆ తర్వాత కుట్టుపని వెంట తెచ్చుకుని కూర్చునేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. ఒకసారి మాత్రం, ఇద్దరూ గుండీల డబ్బా నేల మీద బోర్లించి రంగురంగులు వేరు చేస్తుంటే చూశాను.

మళ్ళీ ఈస్టర్ ఇంకా మూడు వారాలుందనగా, బుధవారం పూట, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది పెద్దమ్మ. మా అమ్మ చూసి కేక పెట్టింది. ఎవరికీ కబురు చెయ్యకముందే టైలరమ్మ వచ్చేసింది. ఆ పూట మామూలుగా వచ్చే వేళకే వచ్చి, చూసి, ఏడ్చి, లేచి నీళ్ళు పెట్టింది. మోచెయ్యి ముంచి వేడి చూసింది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. లోపలి నుంచి వినిపిస్తోంది. "చెయ్యి ఇలా ఇవ్వు పెద్దమ్మా. ఇన్నాళ్ళూ అందరికీ తీశావు, నీ గోళ్ళు చూడు ఎలా పెంచుకున్నావో!"

హెడ్మాస్టరు వచ్చాడు. వాకిట్లో నిలబడి గొంతు సవరించుకుని, "పట్టికలో పేరు లేదు కాబట్టి చర్చి శ్మశానంలో చోటు సంగతి కమిటీ కూర్చుని ఆలోచించాలి" అన్నాడు. నా రక్తం మరిగింది గానీ గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు, ఎప్పటిలాగే. టైలరమ్మ తడి చేతులతో బయటికొచ్చింది.

"కూర్చోనక్కర్లేదండి. గుండీ పక్కన నాకని రాసిచ్చిన చోటు ఉంది కదా. అది నాది. అందులో పెడతాను."

"మరి నీకు?"

"నా సంగతి నేను పోయాక కూర్చుని ఆలోచించండి."

మర్నాడు పొద్దున అక్కడే, ఆ చిన్న సమాధి పక్కనే, పెద్దమ్మని దించాం. పాస్టరుగారు విశ్వాస ప్రమాణం మొదలుపెట్టారు, అందరం అందుకున్నాం. శరీరాలు లేస్తాయన్న మాట దగ్గరికి వచ్చేసరికి నా పక్కన టైలరమ్మ నోరు మూసుకుంది. ఎదురుగా హెడ్మాస్టరు నోరు గడగడా ఆడుతోంది. ముప్పై ఏళ్ళుగా నా నోరూ అలాగే ఆడింది, ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ రోజు ఆ మాట నేను అరిచాను. అందరూ ఆగిపోయి చూస్తుంటే ఒక్కణ్ణే ఇంకోసారి అరిచాను.

నమ్మకంతో కాదు, ఒట్టి కోపంతో అరిచాను. ఇంకెవరు లేచినా లేవకపోయినా ఈమె లేవాలి. లేచి మా కమిటీ ముందుకి రావాలి. గుండీ ఆ నిమ్మపండు రంగు గౌనుతో లేవాలి. అందరి ఒళ్ళూ కడిగిన మనిషి నోట్లో మట్టి కొట్టి, ఏడు సంతకాలతో చేతులు దులుపుకుంటే, లెక్క అక్కడితో సరిపోయిందంటే నేను ఒప్పుకోను.

తిరిగి వస్తుంటే టైలరమ్మ అడిగింది. "నువ్వు నమ్ముతున్నావా అన్నయ్యా?"

"తెలియదమ్మా. నిజం కాకపోతే మాత్రం ఊరుకోను."

నూట పద్నాలుగో పేజీలో వాక్యం కొట్టేయడానికి మళ్ళీ ఏడు సంతకాలు కావాలి. అడిగాను, రెండే వచ్చాయి. ఒకటి పాస్టరుగారిది, ఒకటి నాది. అందుకని ఈ కాగితాలు ఆ పేజీకి, తర్వాతి పేజీకి మధ్యన అంటిస్తున్నాను. కావాలంటే నా పేరు కూడా తీసేసుకోండి. ఆమె ఎప్పుడు లేచినా నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది నాకు తెలుసు. "చదువు నాయనా, ఏం రాశావో" అంటుంది. అప్పుడు ఇది చదువుతాను.